జేజి

కబ్ద్‌లో లాయాల కంచె అవతల, నేను ట్యాంకర్ మలుపు తిప్పుకునే తావులో
ఎవరో పారేసిన సోఫా అనుకున్యా మొదట.
సోఫా తల తిప్పింది.

జూలై నెల. మిట్టమధ్యాన్నం.
స్టీరింగు మీద తడిగుడ్డ వేసి పట్టుకునే ఎండ.
ఆడగుర్రం. ఒకప్పుడు తెల్లగానే ఉండుంటుంది.
కండ్ల మీద గుంతలు, ఒక్కోదాంట్లో నిమ్మకాయ పెట్టొచ్చు.
డెక్కలు పెరిగి పెరిగి ముందుకు వంకరపోయి
ఎవరివో పెద్ద జోళ్లు ఈడ్చుకొస్తున్నట్టు నడక.
మెడకు తాడు లేదు.
తాడు ఉండిన చోట బొచ్చు లేదు.

మా మేనమామ దస్తగిరి రాజంపేట టేషన్ కాడ జట్కా తోలేవాడు.
ఆకలిగొన్న గుర్రానికి కడుపునిండా పెడితే
పెట్టిన చెయ్యే చంపినట్టురా, అనేవాడు.
అందుకే నా సద్దిలో రొట్టె ఇయ్యలా.
బకెట్టులో నీళ్లు పెట్టినా, సగానికి.
తాగి, మూతి నా చొక్కాకు తుడుచుకుంది.
ఆ పొద్దు మూడిండ్లకు నీళ్లు ఆలస్యం.
మూడిండ్ల తిట్లు, అరబ్బీలో.

లాడాలు కొట్టే ఇద్రీస్‌కు ఫోన్ చేస్తే
ఎవర్నో బతిమాలి బండి తెచ్చినాడు.
దాన్ని చూసి "హబూబా" అన్నాడు.
అంటే ఏంది?
అమ్మకు అమ్మ, నాయనకు అమ్మ. మా సూడాన్‌లో అట్లే పిలుస్తాం.
మాకు జేజి, అన్యా.
రెండు పేర్లూ కుదిరినాయి. రెండిటికీ పలకదు.

ఉమ్ ధారి తన లాయంలో చివరి గది ఇచ్చింది.
బాడుగ అడగలా. "చచ్చేదాకా మాత్రమే" అనింది.
ఎవరు చచ్చేదాకా అని మేమూ అడగలా.

డాక్టరమ్మ మెడ మీద మిషను పెట్టింది. కుయ్ మనింది.
తోలు కింద బియ్యపుగింజంత చిప్పు,
దాంట్లో ఇంత పొడుగు నంబరు.
నంబరు పోయి ఒక పేరు కాడ నిలబడింది. పేరు ఫోనెత్తింది.
నా గుర్రం పోయి రెండేండ్లాయ, కాగితం ఉండాది, అనింది పేరు.
జేజి అప్పుడు గడ్డి నములుతా ఉండింది.
నమిలి నమిలి, ఉండ చేసి, ఉమ్మేసింది.
దవడపండ్లు లేవు.

కాగితంలో లేనోళ్లను మా రూముల్లో ఖల్లివల్లి అంటారు.
ఏడాదిన్నర నేనూ అదే,
పోలీసు బండి లైటు తిరిగితే గోడకు గోడనై.
చచ్చిన గుర్రం గడ్డి ఉమ్మడం
నాకేం వింత కాలా.

నానబెట్టిన తవుడు, బీట్‌రూట్ పిప్పి, గుప్పెడు.
మళ్లా మూడు గంటలకు గుప్పెడు.
డెక్క వారానికి ఇంత, గోటి మందం.
ఒకేతూరి కోస్తే నిలబడలేదంటాడు ఇద్రీస్,
దాని కాలు తన ఒళ్లో పెట్టుకొని, గడియారం బాగుచేసేవాడి మాదిరి.
తాడు చూస్తే చర్మమంతా వణికేది.
తాడు మానేసి జేబులో ఖర్జూరం పెట్టుకొని ముందర నడిచినా.
మొదటి దినం పది అడుగులు.
రెండో దినం ఆరు.

ఆగస్టులో కడుపునొప్పి. రెండు రాత్రులు తిప్పినాం,
ఒక పక్క ఇద్రీస్, ఒక పక్క నేను.
అప్పుడే కుళ్లాయమ్మ ఫోన్ చేసింది:
మోటరు కాలిపోయి పది దినాలాయ, నువ్వు గుర్రానికి మందులా?
జవాబు చెప్పలా. చెప్పేదానికి ఏముంది.
తర్వాతి నెల మోటరుకు పంపినా. రెండు ఓవర్‌టైములు.

ఒక్కటి మాత్రం మామ మాట గుచ్చుతానే ఉండింది:
నమ్మని చోట గుర్రం పండుకోదురా, నిలబడే తెల్లారుస్తుంది.
నాలుగు నెలలు. ఏ పొద్దు పోయినా నిలబడే ఉండేది,
తలుపు దిక్కు చూసుకుంటా.

నవంబరు. రాత్రి వాన పడింది, ఇసుక నల్లబడేంత.
నాలుగున్నరకు ట్యాంకర్ ఆపి తొంగి చూస్తే
జేజి నేల మీద. నాలుగు కాళ్లూ చాపి. మెడ కూడా చాపి.
తలుపు కడ్డీ తీసేదానికి వేళ్లు రాలా.
మోకాళ్ల మీద పోయి ముక్కు కాడ అరచెయ్యి పెట్టినా.

వెచ్చగా.
ఇంకోసారి.
తర్వాత గురక, మా మామ గురకే,
దాని వెనకాల పెద్ద శబ్దంతో ఒక అపానవాయువు.

హారన్ కొట్టలా. రివర్స్ కూత వైరు పీకి
బండి వెనక్కి తీసినా.
దాని చెవి ఒకటి ఇటు తిరిగింది.
లేవలా.